ఉప్పు మోసినవాళ్ళం

కొన్నేళ్ళ కిందట, ఒక ఫిబ్రవరి నెలలో, అప్పట్లో నేను పనిచేస్తున్న బడి స్టాఫ్‌రూములో అందరం ఇన్‌కంటాక్స్ ఫారాలు నింపుకుంటూ కూర్చున్నాం. ఎవరికెంత కోత పడుతుందో లెక్కలు వేసుకుంటున్నారు. ఒక తోటి ఉపాధ్యాయుడు నవ్వుతూనే అన్నాడు: "మీకేం సార్, మీవాళ్ళు పన్ను కట్టేది లేదు, తీసుకునేది మాత్రం అంతా మీవాళ్ళే." ఆ నిమిషాన నా చేతిలోనూ అదే ఫారం ఉంది. ఆయన దాన్ని చూశాడో లేదో తెలీదు. నేను ఏమీ అనలేదు.

ఆ మాట కంటే ఎక్కువ బాధ పెట్టింది ఇంకొకటి. ఆ మరుసటి ఏడే మా ఎరుకల పిల్లవాడు ఒకడు, ఎనిమిదో తరగతి, పౌరశాస్త్రం పాఠంలో పన్నుల గురించి చెబుతుంటే లేచి, "మనం గవర్నమెంటుకి ఏమీ కట్టం కదా సార్, వాళ్ళే మనకి ఇస్తారు కదా" అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు. నమ్మి అన్నాడు. స్టాఫ్‌రూములో మాట పిల్లవాడి నోట్లోకి ఎట్లా వచ్చిందని ఆలోచిస్తే, ఎవరో నేర్పాల్సిన పని లేదు, గాలిలోనే ఉంది. ఆ పిల్లవాడికి ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం వాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

మాది గుడుపల్లె. కుప్పం పక్కన, మూడు రాష్ట్రాల మూల. మా కులాన్ని ఇక్కడ ఎరుకల అంటారు, తమిళం వైపు కొరవ, కన్నడం వైపు కొరమ, కొరచ. ఇంట్లో మేం మాట్లాడే కుర్రు బాసలో తమిళం పాలు ఎక్కువ. మాలో లోపల పేర్లు చాలా ఉన్నాయి. దబ్బలు చీల్చి బుట్టలు అల్లేవాళ్ళు దబ్బ ఎరుకల, కరివేపాకు అమ్మేవాళ్ళు కరివేపాకు ఎరుకల, ఉప్పు అమ్మేవాళ్ళు ఉప్పు ఎరుకల. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలో కూడా ఉప్పు కొరవల పేరు ఉంది. ఉప్పు పేరు పెట్టుకుని ఒక శాఖే ఏర్పడిందంటే ఆ పని ఏదో ఒకటి రెండు కుటుంబాలు చేసినది కాదు.

మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిన సంగతి ఇది. గాడిదల వీపున కంటలాలు వేసి, రెండు పక్కలా ఉప్పు నింపి, కనుమ ఎక్కి మెట్టసీమకు వచ్చేవాళ్ళట. ఊరి బయట దిగేవాళ్ళట. ఉప్పు కొలిచి ఇచ్చి రాగులో, జొన్నలో, అలసందలో తీసుకునేవాళ్ళు. ఆ గింజలు మళ్ళీ కిందికి మోసుకెళ్ళి అమ్మేవాళ్ళు. పోతా వస్తా రెండు దిక్కులా బరువు ఉండేది, వట్టి గాడిద నడిచేది కాదు. దారిలో మగవాళ్ళు దబ్బలు చీల్చేవాళ్ళు, ఆడవాళ్ళు సోది చెప్పేవాళ్ళు, పచ్చబొట్లు పొడిచేవాళ్ళు. ఏ సంతలో ఏం ధర ఉందో, ఏ ఊళ్ళో వాన పడిందో, ఎక్కడ పెళ్ళిళ్ళు ఉన్నాయో మావాళ్ళకు తెలిసేది. ఎరుక అంటే తెలివిడి అని కదా అర్థం.

ఇది మా ఒక్కరి పనీ కాదు. సుగాలీలు పెరికెద్దుల మందలు తోలుకుని ఇదే వ్యాపారం ఇంకా పెద్ద ఎత్తున చేశారు. సైన్యాలకు ధాన్యం వాళ్ళే మోశారు. మదనపల్లె వైపు తండాల్లో పాటిగా కూర్చుని అడగండి, ఉప్పు మాట లేకుండా వాళ్ళ పాత కథ సాగదు.

ఆ ఉప్పు మీదనే ఇంగ్లీషువాడి చెయ్యి పడింది. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు తయారీ, అమ్మకం మొత్తం కంపెనీ గుత్తాధిపత్యం కిందికి వచ్చింది. ఉప్పు పండించే కూలీ ఎవరైనా సరే, అది సర్కారు కొఠారుకే చేరాలి, సర్కారు చెప్పిన ధరకే బయటికి రావాలి. మొదట గరిసెకు 70 రూపాయలు పెట్టారు. నాలుగేళ్ళకే, 1809లో, దాన్ని 105 చేశారు. ఆ రోజుల్లో ఇంకొక పన్ను ఉండేది, సాయరు అని, సరుకు ఒక చోటి నుంచి ఒక చోటికి పోతుంటే దారిలో సుంకం చౌకీలు వసూలు చేసేవి. మావాళ్ళ లాంటి తిరుగుబేరగాళ్ళకు అది నిలువు దోపిడీ. దాన్ని 1844లో ఎత్తేశారు. మంచిదే అనుకునేలోగా, ఆ పోయిన రాబడిని ఉప్పు ధర పెంచి పూడ్చుకున్నారు. చౌకీల దగ్గర కనపడే పన్ను పోయి, తినే ఉప్పులో కనపడని పన్ను పెరిగింది. నేను బడిలో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలకు వెంటనే అర్థమవుతుంది, పెద్దవాళ్ళకే కొంచెం సేపు పడుతుంది.

తర్వాత ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 1878 దాకా. రాయలసీమలో, ఉత్తర ఆర్కాడులో జనం పురుగుల్లా చచ్చిపోయారు, పశువులు దానికంటే ముందే పోయాయి. మోసే గాడిదా ఎద్దూ పోయిన తర్వాత మోసేవాడి వ్యాపారం ఏముంటుంది? ఆ కరువు నడుస్తుండగానే మద్రాసులో ఉప్పు పన్నును మణుగుకు 1 రూపాయి 13 అణాల నుంచి రెండున్నర రూపాయలకు పెంచారు. ఇక్కడ మణుగు అంటే మన సంతల్లో ఉండే చిన్న మణుగు కాదు, సుమారు 37 కిలోల సర్కారు మణుగు.

ఈ లెక్కను నేను ఏడో తరగతి చేత వేయిస్తాను. రెండున్నర రూపాయలంటే 40 అణాలు. 37 కిలోలకు 40 అణాలంటే కిలో ఉప్పు మీద పన్ను ఒక అణాకు కొంచెం ఎక్కువ. అయిదుగురున్న ఇంట్లో ఏడాదికి పాతిక కిలోలు వాడతారు అనుకుందాం, ఊరగాయకూ పశువులకూ కలిపి. అంటే 27 అణాలు. ఇప్పుడు ప్రశ్న: జమీందారు ఇంట్లో అయిదుగురు ఉంటే వాళ్ళు ఎంత కట్టినట్టు? పిల్లలు కాసేపు ఆలోచించి, "అంతే సార్, 27 అణాలే" అంటారు. జమీందారు నాలుక మీద ఉప్పు ఎక్కువ పట్టదు కదా! అతనికి ఆ 27 అణాలు లెక్కలోకి రావు. రోజుకు రెండు మూడు అణాలు దొరికితే గొప్ప అనుకునే మనిషికి అది పదిరోజుల కూలి.

ఇక్కడే నాకు మార్క్స్ అక్కరకు వచ్చాడు. టీచర్ ట్రైనింగు చదివే రోజుల్లో హాస్టల్ గదిలో రంగనాయకమ్మ గారు తెలుగులో రాసిన 'కాపిటల్' పరిచయం మొదటిసారి చూశాను. అప్పుడు సగం అర్థం కాలేదు, ఇప్పటికీ అంతా అర్థమైందని చెప్పను. కానీ ఒక విషయం మనసులో నిలబడిపోయింది. పెట్టుబడి ఎట్లా పుట్టింది అని చెప్పేటప్పుడు మార్క్స్ భూములు లాక్కోవడాన్ని, వలసలను, బానిస వ్యాపారాన్ని చెబుతూ వాటి పక్కనే ప్రభుత్వ అప్పును, పన్నులను కూడా నిలబెడతాడు. ప్రభుత్వం అప్పు చేస్తుంది, ఆ అప్పుకు వడ్డీ కట్టడానికి పన్ను వేస్తుంది, ఆ పన్ను మనుషులు తినకుండా ఉండలేని వస్తువుల మీదనే ఎక్కువగా పడుతుంది, దాంతో చిన్న రైతూ చేతిపనివాడూ తమ సాధనాలను పోగొట్టుకుని కూలికి దిగుతారు. ఆయన చెప్పింది యూరప్ గురించి. నాకు మాత్రం కంటలంలో ఉప్పే కనిపించింది. 1848లో ఆయన, ఎంగెల్స్ కలిసి రాసిన కమ్యూనిస్టు ప్రణాళికలో ఆదాయం పెరిగేకొద్దీ ఎక్కువ పన్ను వేయాలనే డిమాండు ఎందుకు పెట్టారో ఏడో తరగతి లెక్క వేసిన తర్వాత వేరే చెప్పనక్కర లేదు.

మార్క్స్ ఇండియా ఎప్పుడూ రాలేదు. లండన్‌లో కూర్చుని పార్లమెంటు నివేదికలు చదివి ఒక అమెరికా పత్రికకు వ్యాసాలు పంపేవాడు. అందులో రెండు మన మద్రాసు ప్రెసిడెన్సీకి, మన పన్నులకు సంబంధించినవి. ఒకటి 1857లో రాసినది. శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారనే ఆరోపణల మీద మద్రాసు ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది, అది 1855లో నివేదిక ఇచ్చింది. వేళ్ళను చెక్కల మధ్య బిగించే కిట్టి, మనిషిని వంచి తలను కాళ్ళకు తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. సిపాయిల తిరుగుబాటులో హిందుస్తానీలు చేసిన ఘోరాల గురించి ఇంగ్లండు పత్రికలు గోల పెడుతున్న సమయంలో, మార్క్స్ ఈ నివేదికను తీసి, తిరగబడినవాళ్ళకు కారణం ఉందా లేదా మీరే చూసుకోండి అన్నట్టు రాశాడు. రెండోది 1858లో, ఇండియాలో పన్నుల గురించే. ఇండియాలో తలకు పడే పన్ను ఇంగ్లండు కంటే తక్కువ కదా అని వాదించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. తలకు ఎంత అని కాదు, ఆ తల సంపాదన ఎంత, కట్టిన పన్ను మళ్ళీ ఆ జనానికి ఏ రూపంలో తిరిగి వచ్చింది అని చూడాలంటాడు మార్క్స్. స్టాఫ్‌రూములో ఆ రోజు నాకు ఈ వ్యాసం గుర్తుకు వచ్చి ఉంటే బాగుండేది.

అయితే మార్క్స్ చెప్పినదంతా మనకు సరిపోయిందా అంటే, లేదు. ఆ సంగతి మా ఊరి రైలు పట్టాల మీదనే రాసి ఉంది.

మద్రాసు నుంచి వచ్చిన రైలు జోలార్‌పేట దగ్గర చీలి, కుప్పం, గుడుపల్లె మీదుగా బెంగళూరుకు పోతుంది. ఆ దారి 1864లో తెరిచారు. అప్పటికి మా కుప్పం ప్రాంతం ఉత్తర ఆర్కాడు జిల్లాలో కంగుంది జమీను. రైలు వేసిన మద్రాసు రైల్వే కంపెనీ లండన్ కంపెనీ. దాంట్లో డబ్బు పెట్టినవాళ్ళకు నష్టం వచ్చినా లాభం వచ్చినా నూటికి 5 వడ్డీ ఇస్తామని ఇక్కడి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ లోటు ఎక్కడి నుంచి పూడ్చారు? ఇండియా ఖజానా నుంచి. ఆ ఖజానాలో భూమిశిస్తు తర్వాత నల్లమందు, ఉప్పు పెద్ద రాబడులు. అంటే మా అవ్వ వాళ్ళ అవ్వ మోసిన ఉప్పు మీద వసూలైన పన్నులో కొంత, ఆ ఉప్పును ఆమె వీపు మీద నుంచి దించేసిన రైలుకే వడ్డీగా పోయింది. నేను ఈ వాక్యం రాసేటప్పుడు రెండుసార్లు ఆగాను. ఎంత ఆలోచించినా లెక్క అదే వస్తుంది.

రైలు వచ్చాక ఉప్పు మూటలు కోస్తా నుంచి నేరుగా కుప్పం స్టేషనులో దిగాయి. వాటిని పెద్ద వ్యాపారి వ్యాగను లెక్కన కొన్నాడు. స్టేషను నుంచి ఊళ్ళకు బండ్లు తోలుకున్నారు. కనుమ ఎక్కే గాడిద ఆ ధరతో పోటీ పడగలదా? ఇది ఒక్క ఏడాదిలో జరిగిన పని కాదు. రైలు చేరని మూలల్లో గాడిదలు ఇంకా కొంతకాలం నడిచాయి. కరువుతో సగం పోయాయి, మిగిలిన సగానికి 1882 మద్రాసు అడవి చట్టం తగిలింది. అప్పటిదాకా దారి పొడుగునా అడవిలో మేసిన గాడిద ఇప్పుడు రిజర్వు అడవిలో దొంగ గాడిద అయ్యింది. దబ్బల కోసం వెదురు కొట్టిన మనిషి దొంగ మనిషి అయ్యాడు. ఆశ్చర్యం ఏమిటంటే మార్క్స్ తన పాతికేళ్ళ వయసు కూడా నిండకుండా, 1842లో, రైన్‌లాండు అడవుల్లో ఎండుకట్టెలు ఏరుకునే పేదలను దొంగలుగా మార్చే చట్టం మీదనే రాశాడు. ఆర్థిక విషయాల వైపు తనను తిప్పినది ఆ గొడవే అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

పల్నాడులో పుల్లరి కట్టం అని నిలబడి 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలైపోయాడు. అంతకు ముందు 1879లో రంపలో కొండవాళ్ళు కల్లు మీద పన్ను పెట్టినందుకు తిరగబడ్డారు. ఈ రెండూ మన పుస్తకాల్లో ఉన్నాయి, పిల్లలకు తెలుసు. తిరగబడడానికి ఒక కొండ ఉండాలి, ఒక ఊరు ఉండాలి, కలిసి నిలబడే జనం ఒక చోట ఉండాలి. గుంపులు గుంపులుగా తిరిగే మావాళ్ళకు అది లేదు. అందుకే మా కథకు పితూరీ లేదు, బొమ్మ లేదు, నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహమూ లేదు.

ఇప్పుడు మార్క్స్ ఎక్కడ తప్పాడో చెబుతాను. 1853లో, మా ఊరికి రైలు రావడానికి పదకొండేళ్ళ ముందు, ఇండియాలో బ్రిటిష్ పాలన ఫలితాలు ఏమవుతాయి అని రాస్తూ ఆయన రైళ్ళ మీద పెద్ద ఆశ పెట్టుకున్నాడు. రైలు వస్తే పరిశ్రమ వస్తుంది, పరిశ్రమ వస్తే తాత తండ్రుల నుంచి వచ్చే వృత్తి విభజన కరిగిపోతుంది, కులానికి ఆధారం అదే కాబట్టి కులమూ కరిగిపోతుంది అనుకున్నాడు. న్యాయంగా చెప్పాలంటే, ఇంగ్లండులో కార్మికులు గెలిచేదాకా గానీ, ఇక్కడి జనం ఇంగ్లీషువాడి కాడిని విసిరేసేదాకా గానీ ఈ ఫలాలు ఇండియా వాళ్ళకు దక్కవు అని కూడా అదే వ్యాసంలో రాశాడు. కానీ కులం సంగతి ఆయన అనుకున్నట్టు జరగలేదు. ఆయన రాసిన పద్దెనిమిదేళ్ళకు, 1871లో, క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ఆ చట్టం కోసం వాదించినవాళ్ళ తర్కం ఏమిటంటే: ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, సాలె కొడుకు సాలె అవుతాడు, కాబట్టి దొంగతనమే వృత్తిగా ఉన్న కులాలు కూడా ఉంటాయి, వాళ్ళ పిల్లలు దొంగలే అవుతారు. వంశపారంపర్య వృత్తిని రైలు కరిగిస్తుందని మార్క్స్ ఎదురు చూస్తుండగా, అదే ప్రభుత్వం వంశపారంపర్యాన్ని పోలీసు రికార్డులోకి ఎక్కించింది.

మొదట ఆ చట్టం ఉత్తరాదికే. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసుకూ తెచ్చారు. మా చిత్తూరు జిల్లా పుట్టినది కూడా 1911లోనే, ఏప్రిల్ ఒకటిన. జిల్లాకు, మా మీది ముద్రకు ఒకటే వయసు. ఆ చట్టం కింద ప్రభుత్వం ఒక తెగను నేరస్త తెగగా ప్రకటిస్తే చాలు, అందులోని వాళ్ళు వేలిముద్రలు ఇవ్వాలి, పేరు రిజిస్టరులో ఉండాలి, ఎక్కడ ఉన్నారో, ఎక్కడికి పోతున్నారో చెప్పాలి, హాజరు పలకాలి. తిరిగి బతికే మనిషికి ఎక్కడికి పోతున్నావు అని అడగడం, రైతును ఎందుకు దున్నుతున్నావు అని అడగడం లాంటిదే.

దొంగతనం చేసినవాళ్ళు మాలో లేరని నేను అనను. కరువులో, వ్యాపారం పోయిన తర్వాత, ఆకలికి చేసినవాళ్ళు ఉన్నారు. అన్ని కులాల్లోనూ ఉన్నారు. రైలు వచ్చి దెబ్బ తిన్నది మేం ఒక్కరమేనా? దూరాలకు బాడుగ బండ్లు తోలిన రైతులూ దెబ్బ తిన్నారు. వాళ్ళను నేరస్త కులం అని ఎవరూ అనలేదు. ఎందుకు? నాకు తోచిన జవాబు ఏమిటంటే, వాళ్ళకు పట్టా ఉంది, ఊళ్ళో ఇల్లు ఉంది, కరణం లెక్కల్లో పేరు ఉంది. రయితువారీ అయినా జమీను అయినా సర్కారు కంటికి మనిషి అంటే భూమి మీద నిలబడి శిస్తు కట్టేవాడు. నిలబడనివాడు లెక్కకు అందడు, లెక్కకు అందనివాడి మీద అనుమానం. దానికి తోడు ఊరి పెద్దలకు మేం ఎప్పుడూ ఊరి బయటివాళ్ళమే. గాడిదలు, పందులు పెంచేవాళ్ళం. ఉప్పు తెచ్చినంతకాలం మాతో పని ఉండేది. ఉప్పు స్టేషనులో దొరకడం మొదలైన రోజున మేం ఎందుకు వచ్చామా అని చూశారు. ఈ చూపు ఇంగ్లీషువాడు తెచ్చినది కాదు, అతను దానికి చట్టం చేశాడు, అంతే.

సమాజానికి పునాది ఆర్థిక వ్యవస్థ, దాని మీద నిలిచే ఉపరితలం చట్టం, మతం, సంస్కృతి, ఆలోచనలు అని మార్క్సిస్టులు చెబుతారు. మా చరిత్రలో అది చాలా దూరం నిజం. ముందు ఉప్పు పోయింది, ఆ తర్వాతనే 'పుట్టుదొంగలు' అనే మాట సర్కారు కాగితం మీదికి ఎక్కింది. కానీ పునాది మారినా ఉపరితలం మారకపోవడం కూడా మా చరిత్రలోనే ఉంది. 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' సినిమాను మన పిల్లలు ఎట్లా చూశారో ఉపాధ్యాయులకు తెలుసు. ఉప్పు ఎవరికీ గుర్తు లేదు, దొంగ మాత్రం టికెట్టు కొనించగలడు.

ఆ సినిమా వెనుక ఉన్న ఊరి కథ కూడా ఉప్పు కథకు కొనసాగింపే. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1910ల దశకంలో ఏర్పడిన సెటిల్‌మెంటు. మద్రాసు ప్రభుత్వంలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇంకొక సెటిల్‌మెంటు నడిపింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ పెట్టారు. అనుమతి లేకుండా గడప దాటకూడదు. స్టువర్టుపురం నుంచి చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలు వెళ్ళారు. ఎక్కడికీ పారిపోలేని, సమ్మె చేస్తే పోలీసు రిజిస్టరు ఎదురుగా ఉండే కూలీలు ఏ యజమానికి చేదు? ఈ విషయాన్ని మద్రాసు ప్రభుత్వ కాగితాలు తవ్వి బయట పెట్టింది మీనా రాధాకృష్ణ. 2001లో వచ్చిన ఆమె ఇంగ్లీషు పుస్తకం 'డిషానర్డ్ బై హిస్టరీ'. ఉప్పు, రైలు, అడవి చట్టం, సెటిల్‌మెంటు, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి ఎట్లా వచ్చాయో నాకు వరుసగా తెలిసింది ఆ పుస్తకంతోనే. ఇంగ్లీషు కష్టమైనా ఉపాధ్యాయులు ఒకసారి పట్టుకుని చూడాలి. తెలుగులో పిల్లలకు అందేలా మనలో ఎవరైనా చెప్పాలి.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశమంతటా దీని మీద విచారణ చేయడానికి 1949లో వేసిన కమిటీకి అధ్యక్షుడు ఒకప్పుడు మన జిల్లాలో ఉన్న తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ కమిటీ రద్దు చేయమంది. 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయ్యింది. ఉప్పు పన్ను అంతకు ముందే, 1947లో పోయింది. 1930లో గాంధీ ఉప్పు సత్యాగ్రహం చేసినప్పుడు మన కోస్తాలోనూ జనం ఉప్పు వండి జైళ్ళకు వెళ్ళారు. ఆ ఉప్పును తరతరాలుగా కొండలకు మోసినవాళ్ళు ఆ సమయంలో రిజిస్టర్లలో ఉన్నారు, హాజరు పలుకుతున్నారు. స్వాతంత్ర్య పోరాటం పాఠం చెప్పేటప్పుడు నేను ఈ ఒక్క మాట కలుపుతాను.

ఇప్పుడు మూడు రాష్ట్రాల మూలలో మా స్థితి చూడండి. ఇక్కడ మేం షెడ్యూల్డు తెగ. పట్టాల వెంట కొంచెం దూరం పోతే కర్ణాటక, అక్కడ కొరమ, కొరచ షెడ్యూల్డు కులాల్లో ఉన్నారు. ఇటు తిరిగితే తమిళనాడు, అక్కడ కొందరిది షెడ్యూల్డు కులం, కొందరిది రద్దయిన నేరస్త తెగల జాబితా. మా మేనత్త కోడలు కోలారు వైపు పిల్ల. పెళ్ళికి అడ్డం రాని సరిహద్దు, పిల్లల సర్టిఫికెట్టుకు వచ్చింది. తిరిగే జనాన్ని కదలకుండా చేసి లెక్క రాసుకున్నవాడి గీతల మీదనే మేం ఇంకా నిలబడి ఉన్నాం.

ఇక ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడికి. ఒక పని చెయ్యి. అంగట్లో కొన్న సబ్బు బిళ్ళ కాగితం తిప్పి చూడు. ధర పక్కన 'అన్ని పన్నులూ కలిపి' అని అచ్చు వేసి ఉంటుంది. మీ అమ్మ బుట్టలు అమ్మిన డబ్బుతో ఆ సబ్బు కొన్న రోజున ఆమె పన్ను కట్టింది. మీ నాన్న రీచార్జి చేయించిన రోజున కట్టాడు. 2017 జూలై నుంచి వచ్చిన జి.ఎస్.టి.లో ఉప్పు మీద పన్ను లేదు, అది నిజం. తక్కినవాటిలో చాలావరకు ఉంది, దాన్ని కొన్నవాడు కూలివాడా కోటీశ్వరుడా అని ఆ కాగితం అడగదు. ఇన్‌కంటాక్స్ కట్టేవాడికి రసీదు ఉంటుంది కాబట్టి తాను కట్టానని తెలుసు. సబ్బులో కట్టినవాడికి రసీదు లేదు.

రోజూ తెల్లారకముందే గుడుపల్లె స్టేషనుకు వెళ్తే మావాళ్ళూ, పక్క ఊళ్ళవాళ్ళూ సద్ది మూటలు చంకన పెట్టుకుని బెంగళూరు రైలు కోసం నిలబడి ఉంటారు. కట్టడం పనికి, ఇళ్ళలో పనికి, పూల మార్కెట్టుకు. రాత్రికి తిరిగి వస్తారు. 1864లో వేసిన దారే అది. అప్పుడు మా ఉప్పును ఎక్కించుకుంది, ఇప్పుడు మమ్మల్ని ఎక్కించుకుంటోంది. పోయిన వేసవిలో మా ఇంటి అటక శుభ్రం చేస్తుంటే గోనెపట్టతో కుట్టిన పాత కంటలం ఒకటి దొరికింది, ఎలుకలు కొట్టగా మిగిలినది. దాన్ని బడికి తీసుకువెళ్ళి టేబులు మీద పెట్టి, ఇది ఏమిటో చెప్పండి అన్నాను. స్కూలు బ్యాగు అన్నారు కొందరు. ఆ పిల్లవాడి చెల్లెలు, ఇప్పుడు ఆరో తరగతి, ముందుకు వచ్చి రెండు సంచుల్లోనూ చెయ్యి పెట్టి చూసి, "రెండు పక్కలా సమానంగా నింపాల సార్, లేకుంటే గాడిద పడిపోతాది" అంది. ఎవరు చెప్పారే అంటే, "మా జేజి" అంది.